దీపం వచ్చేదాకా

కైలాసం ఇంకా రైలు గేటు దగ్గరే ఉన్నాడు. ఈ ఆఫీసు డాబా మీది రేకుల షెడ్డులోంచి చూస్తే అతని తెల్ల చొక్కా ఒక చుక్క, ఆ చుక్క ముందు బొగ్గు వ్యాగన్లు, ఎంతసేపు చూసినా కదలని వ్యాగన్లు. పట్టాలకు అవతల ఫ్యాన్ హౌసు, గనిలోని చెడ్డ గాలినంతా పైకి లాగి వదిలే చోటు. దానికి అవతల స్తంభం మీద నా అద్దం. నేను ఇక్కడినుంచి రెండు కిరణాలు పంపుతాను, ఒకటి కంటికి కనిపించే ఎర్రది, ఇంకొకటి ఎవరి కంటికీ కనిపించని పరారుణ కిరణం. రెండూ ఆ గాలిలోంచి పోయి, అద్దాన్ని తాకి, మళ్లీ నా దగ్గరికి రావాలి. ఎర్రది బుద్ధిగా వస్తోంది. రెండోది సగం కూడా రావడం లేదు, దారిలో ఏదో తినేస్తోంది. ఆ తినేది మీథేన్ అయితే, ఇంకాసేపట్లో సైరన్ మోగి రెండో షిఫ్టు వాళ్లు దిగేది దాంట్లోకే. అందుకే ల్యాబునుంచి నాతో వచ్చిన కైలాసాన్ని పంపాను, అద్దం దగ్గరికి పోయి ఏమైందో చూసి రమ్మని, చూసి రాకుండా నేను నోరు తెరవలేనని. అతను పోయి గూడ్సు బండి ముందు సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఏడ్చినట్టుంది నా అదృష్టం.

రికార్డర్ కాగితం దాని పాటికి అది జరుగుతోంది, దాని మీద రెండు పెన్నులు రెండు గీతలు గీస్తున్నాయి. పొద్దుటినుంచి రెండూ పక్కపక్కనే నడిచాయి, అన్నం వేళకు పరారుణానిది, కింది గీత, ఉన్నట్టుండి మెట్టు దిగినట్టు దిగింది. నేనప్పుడు క్యాంటీన్‌లో పప్పులో రాయి తగిలిందని వంటాయన్ని సతాయిస్తున్నాను. అన్నం తినకపోతే చచ్చేదాన్నా? ఇక్కడే ఉంటే ఏం చూసేదాన్నని, పెన్ను దిగడం చూసేదాన్ని, అంతే కదా. అయినా ఆ పప్పు మీద కోపం పోవడం లేదు. పోయిన నెల ఇలాగే పొద్దున్నే గీత పడిపోతే అడ్డంగా పరుగెత్తి మొదటి షిఫ్టు ఆపించాను. తీరా చూస్తే కాలనీ పొగ. ఇక్కడి ఆడవాళ్లు బొగ్గుల పొయ్యి వాకిట్లో రాజేసి, పొగంతా పోయాక ఇంట్లోకి తీసుకుపోతారు, ఆ సంగతి మందమర్రిలో తెలియనిది నా ఒక్కదానికే. అప్పటినుంచి నేను పొగ మేడాన్ని. నా ముందు అనరు, నేను మలుపు తిరగ్గానే అంటారు, వినపడేలాగే అంటారు. మేనేజరు లింగమూర్తి మర్యాదస్తుడు, ఆయన నవ్వలేదు. "మేడం, ఇంకోసారి గిట్లయితే మిషన్ ఎత్తుకపొమ్మని పైనోళ్లే అంటరు, నేనేం జెయ్యలేను" అని మాత్రం అన్నాడు. ఆ మాటకు పంతం పట్టి, నెల తిరక్కుండా పక్కన ఎర్ర కిరణం పెట్టించాను. పొగ ఎర్రదాన్ని కూడా తింటుంది, గ్యాసు తినదు. ఎర్రది నిలబడి పరారుణం ఒక్కటే పడిపోయిందంటే అది గ్యాసే సార్, ఇంక తిరుగు లేదు అని లింగమూర్తి బల్ల గుద్ది మరీ చెప్పాను. ఇప్పుడు ఎర్రది నిలబడింది, పరారుణం పడిపోయింది. చెప్పిన నోరే ఇప్పుడు మూసుకుని కూర్చుంది.

ఎందుకు కూర్చుందంటే, ఆ గీత వణకడం లేదు. గ్యాసు ఒక చోట కుదురుగా ఉండే సరుకు కాదు, ఫ్యాన్ తోస్తుంది, గాలి చెదరగొడుతుంది, గీత ఊగాలి, పైకీ కిందికీ కొట్టుకోవాలి. ఇది పడినచోటే పడి ఉంది. తిరిగొచ్చిన పరారుణాన్ని పట్టే డిటెక్టర్ వేడెక్కిందా? దానికి పోసే ద్రవ నైట్రోజన్ పొద్దున్నే నిండుగా పోశాం. కరీంనగర్ పశువుల ఆస్పత్రినుంచి వస్తుంది అది, ఆవులు చూలు కట్టేందుకు వేసే ఎద్దు సూదిమందు చల్లగా ఉంచడానికి వాళ్లు తెప్పించుకునే దాంట్లోంచి మాకో క్యాను. అక్కడి డాక్టరు దేవదాస్ ప్రతిసారీ ఒకే మాట, మేడం, మీ ఎద్దు ఎట్లుంది అని. మూత తీసి చూశాను, పొగలు కక్కుతోంది, నిండుగానే ఉంది. కిరణాలు పుట్టే గొట్టం పోయిందా? పోతే రెండూ పోవాలి. ఆ గొట్టం కైలాసం ఊదిన గాజు. హైదరాబాద్ ల్యాబులో అతను మంట ముందు బుగ్గలు పూరించుకుని కూర్చుంటే నేను వెనక నిలబడి అది పగిలిపోతుందేమోనని నా గోళ్లు కొరుక్కునేదాన్ని. ఎన్ని గొట్టాలు పగిలాయో. అందరూ ఎర్ర వెలుగు కోసం గొట్టాలు కట్టేవాళ్లు, అందులో ఈ కనిపించని కిరణం పుట్టి ఎర్రదాని తిండి లాక్కుంటుంది, దాన్ని చంపడానికి అయస్కాంతాలు పెట్టేవాళ్లు. నేను దాన్నే పెంచుతానంటే మా డైరెక్టరుకు నవ్వాగలేదు. దారిద్ర్యం కోరుకునేవాళ్లు కూడా ఉంటారా అన్నాడు. ఈ కిరణాన్ని మీథేన్ కనిపించగానే మింగేస్తుంది సార్, అదే దీని గుణం, అన్నాను. భోపాల్ జరిగాక గానీ ఆయన నవ్వు ఆగలేదు. ఆ తర్వాత అందరికీ గాలి మీద భక్తి పుట్టుకొచ్చింది, ఎక్కడైనా దూరంగా నిలబడి గాలిని చూసే యంత్రం ఉందా అని ఢిల్లీనుంచి ఫోన్లు. ఉంది మహాప్రభో, బీరువా వెనక ఉంది అన్నాను.

బండి కదిలిందా? లేదు. ఇంజను ఒకసారి కూసింది, అంతే. కైలాసం సైకిలుకు స్టాండు వేసి బీడీ ముట్టించాడు. ఈ మనిషికి కోపమెందుకు రాదు? వ్యాగన్ల కిందనుంచి దూరి పొమ్మని ఇక్కడినుంచి అరవాలనిపిస్తోంది. అరిచినా వినపడదు, వినపడినా యాభై దాటిన మనిషి వ్యాగన్ల కింద దూరి చస్తే ఆ పాపం కూడా నాకే. కూర్చుంటాను, లేస్తాను, మూడడుగుల షెడ్డులో కాలు కాలిన పిల్లిలా తిరుగుతాను, రేకు వేడికి నెత్తి మాడిపోతోంది, గ్లాసులో టీ మీద బొగ్గు ధూళి తెట్టు కట్టింది. ఇందాక లింగమూర్తిని ఫోనులో అడిగాను, లోపలినుంచి ఏమైనా కబురుందా అని, ఏదో మాటవరసకు అడిగినట్టు. లోపల గ్యాసు చూసుకునే సర్దార్లు తమ దీపాల్లో ఏమీ కనపడలేదన్నారట. మంటదీపం చెప్పాలంటే గ్యాసు కొంత ముదరాలి, పైగా గోడ కట్టి మూసేసిన పాత చోట్లకు ఏ దీపమూ పోదు. మీకేమన్న తెలిసిందా మేడం అన్నాడు. లేదు, ఊరికే, అన్నాను. ఊరికేనట. నోట్లోంచి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసింది.

కింద ఆవరణలో రెండో షిఫ్టు వాళ్లు పోగవుతున్నారు. టోపీలకు దీపాలు తగిలించుకుంటున్నారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి ఏదో చెప్పుకుంటున్నారు, గని మైసమ్మ గద్దె దగ్గర ఆగి దండం పెట్టి మళ్లీ ఆ కబుర్లలోనే పడుతున్నారు. ఆ మెట్టు మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నది మొండయ్య. మా ఊరి లస్మవ్వ కొడుకు. తల వంచితే మెడ వెనక వాళ్ల నాయన బుచ్చిరాములే. నేను ఇక్కడికి రావడానికి సవాలక్ష కారణాలు కాగితం మీద రాసిచ్చాను, ఈ మెడ సంగతి రాయలేదు. మంథనినుంచి ఆ కుటుంబం మందమర్రికి వలసపోయిందని, కొడుక్కి బాయిల పని దొరికిందని ఎప్పుడో విన్నాను. ఇక్కడ గనిని బాయి అనే అంటారు. లస్మవ్వ భర్తను ఒక బావి తినేసింది, కొడుకు రోజూ ఇంకోదాంట్లోకి దిగుతాడు, ఆమె రోజూ పంపుతుంది. వచ్చిన మూడోనాడే ఆమె వెతుక్కుంటూ ఈ డాబా ఎక్కింది. జనార్దన్‌రావు దొర బిడ్డె వచ్చిందన్నరు, చూసి పోదామని వచ్చిన అంది. నిలబడే ఉంది, కూర్చోమంటే కూర్చోలేదు. "గిది ఏం జేస్తది దొరసానీ?" అంది యంత్రాన్ని చూస్తూ. "మనిషి దిగకముందే లోపలి గాలి మంచిదో కాదో చెప్తది లస్మవ్వా" అన్నాను. దాని రెండో కొన ఎక్కడుంది అని అడిగిందామె. ఫ్యాన్ హౌసు అవతలి అద్దం దిక్కు చెయ్యి చూపించాను. కొంగు నెత్తి మీదికి లాక్కుని దిగిపోయింది.

నాకు తొమ్మిదేళ్లు అప్పుడు. ఎండాకాలం. మా మామిడి తోట బావిలో పూడిక తీయాలి, ఏళ్ల తరబడి మూతేసి ఉన్న బావి. బాపు గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాడు, కరీంనగర్‌లో కేసేదో ఉంది, బస్సు టైమైపోతోంది, ఆయన కాలు ఒక్క చోట నిలవడం లేదు. పాత బావిలోకి దిగేముందు తాడుకు దీపం కట్టి దింపి చూడాలి, ఆరిపోతే దిగరు, అది ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. లస్మవ్వ దీపం తేవడానికి ఇంటికి పరుగెత్తింది. ఇల్లు దగ్గరే, పొలం దాటితే ఇల్లు. బుచ్చిరాములు గట్టు మీద కూర్చుని తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు, నన్ను చూసి నవ్వాడు, ఆ నవ్వులో పై పన్ను ఒకటి లేదు. బాపు గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది, గట్టిగా కూడా అనలేదు, విసుక్కున్నాడంతే. "పట్టపగలు దీపమేందిర, దిగు, నాకు బస్సు పోతది." బుచ్చిరాములు దిగాడు. సగం దాకా పాట పాడుతున్నాడు. ఆ తర్వాత పాట లేదు. ఆ తర్వాత లస్మవ్వ, పొలం గట్టు మీద, పట్టపగలు వెలిగించిన లాంతరు ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టుకుని వస్తోంది. పరుగెత్తితే ఆరుతుందని పరుగెత్తడం లేదు, త్వరత్వరగా నడుస్తోంది. మేమందరం ఆమె వైపే చూస్తున్నాం. ఎవరూ ఏమీ అనలేదు, ఆమె దగ్గరికి వచ్చేదాకా.

ఆ తర్వాత బాపు వాళ్లకు వడ్లు పంపాడు, చీరలు పంపాడు, ఇంట్లో ఆ మాట ఎత్తితే మాత్రం పళ్లెం ముందునుంచి లేచిపోయేవాడు. మా అమ్మ లీలాబాయి, ఆయన మంచోడే బిడ్డా, ఓపిక లేదు గంతే, అనేది. ఓపిక లేదు గంతే. నాక్కూడా లేదమ్మా. నీ కూతురికి వచ్చింది ఆయన ముక్కూ, ఆయన కోపమూ. ల్యాబులో గొట్టం చల్లారేదాకా ఆగలేక వేడి మీదే పట్టుకుని వేళ్లు కాల్చుకుంది నేనే. బస్సు ఆలస్యమైతే డ్రైవరుతో గొడవ పెట్టుకునేది నేనే. అందుకే కాబోలు ఎవరూ దిగకుండా, ఎవరూ ఆగకుండా, రెప్పపాటులో చెప్పేసే దీపం కావాలని ఇన్నేళ్లు ఈ గాజు గొట్టం వెంట పడ్డాను. వెలుగు కంటే తొందర గలది ఇంకేముంది. ఇప్పుడు చూడు, ఆ తొందర గలది వచ్చి అర్థం కాని మాట ఒకటి చెప్పి కూర్చుంది, దాని అర్థం బీడీ తాగుతున్న కైలాసం చేతిలో ఉంది.

ఏం తినగలదు దీన్ని, ఎర్రదాన్ని వదిలేసి? కిరోసిన్ ఆవిరి తింటుంది, పెట్రోలు తింటుంది, ఇప్పసారా కాచినా తింటుంది, కానీ పట్టపగలు ఫ్యాన్ హౌసు పక్కన సారా ఎవడు కాస్తాడు. అవన్నీ గాలిలోవే, అవైనా ఊగాలి కదా, ఇది ఊగదు. మరి ఏది ఊగదు? అద్దం ఊగదు. అద్దానికి దుమ్ము పడితే ఎర్రది కూడా పడాలి. అబ్బ, నా తల. ఒక పని చేయొచ్చు, నోరు మూసుకుని కూర్చోవచ్చు. దీపాల్లో ఏమీ లేదన్నారు, గీత ఊగడం లేదు, ఇది గ్యాసు కాదని నాకు ముప్పాతిక నమ్మకం. దిగనిస్తే దిగుతారు, రాత్రికి పైకి వస్తారు, పొగ మేడం అన్న పేరు మెల్లగా మాసిపోతుంది, యంత్రం ఇక్కడే ఉంటుంది, ఇంకో ఏడాదికి ఇది నిజంగానే ఎవరినైనా కాపాడుతుంది. ఇంకోసారి ఊరికే ఆపితే రేపే సర్దుకోవాలి, ఆ తర్వాత నిజంగా గ్యాసు వచ్చిన రోజు ఇక్కడ చెప్పేది ఉండదు. ఎంత బాగుంది ఈ లెక్క. ఎక్కడా తప్పు లేదు. మరి ఆ మిగిలిన పావు భాగం ఎవరిది? మొండయ్యది. బాపు కూడా ముప్పాతిక నమ్మకంతోనే అని ఉంటాడు, దిగమని.

సైరన్ మోగింది. నేను మెట్లు దిగుతున్నాను, ఎప్పుడు లేచానో తెలియదు, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, చెప్పు ఒకటి డాబా మీదే వదిలేసి. మొదటి షిఫ్టు వాళ్లు అప్పటికే నల్లటి ముఖాలతో పైకి వస్తున్నారు, వాళ్లు రావలసిందే, దిగేవాళ్లను ఆపితే చాలు. లింగమూర్తి ఆఫీసు గుమ్మంలో ఉన్నాడు.

"ఆపండి సార్" అన్నాను.

ఆయన నా ఒంటి చెప్పు వైపు చూశాడు. "గ్యాసా మేడం?"

"తెల్వదు. కావచ్చు, కాకపోవచ్చు. కైలాసం అద్దం చూసి వచ్చేదాకా ఎవర్నీ దింపకండి."

"పోయినసారి గూడ..."

"పోయినసారి తప్పే. ఇది కూడా తప్పు కావచ్చు. మిషన్ ఎత్తుకపొమ్మంటే ఎత్తుకపోత. ఆపండి."

ఆయన లోపలికి పోయి ఫోను ఎత్తాడు. ఆ తర్వాత ఆవరణంతా గొణుగుడు, ఎవడో వెనకనుంచి, పొగొచ్చిందిర మళ్లా, అన్నాడు, ఎవరో ఈల వేశారు, కొందరు టోపీలు తీసి నేల మీద కూలబడి తంబాకు నలుపుకోవడం మొదలుపెట్టారు. ఇంకొకడు, "ఫికర్ జెయ్యకుండ్రి, మేడం పున్నెమా అని జరసేపు నీడల గూసుందాం" అన్నాడు. నేను వాళ్ల మధ్యే నిలబడ్డాను. చెవులు కాలుతున్నాయి. అరికాలి కింద నేల కూడా కాలుతోంది, పైకి పోయి చెప్పు తెచ్చుకోవాలనే ఆలోచన కూడా రాలేదు. గూడ్సు బండి కూసింది, ఈసారి కదిలింది, ఒక్కో వ్యాగను గేటు దాటుతోంటే ఇంకా ఎన్నున్నాయని మెడ చాచి చూస్తూనే ఉన్నాను. మొండయ్య తన మెట్టు మీదే ఉన్నాడు. నా వైపు చూడలేదు. ఆగాలి. ఆగడమంటే ఇదన్నమాట, ఏమీ చేయకుండా అందరి ముందూ వెర్రిదానిలా నిలబడటం. బాపూ, ఇంతే కదా, దీనికే కదా నీకు మనసొప్పలేదు.

కైలాసం వచ్చేసరికి నీడ మెట్ల దాకా పాకింది. సైకిలు తోసుకుంటూ వస్తున్నాడు, పక్కన లస్మవ్వ నడుస్తోంది. కైలాసం ముఖంలో కోపం నేను చూడటం అదే మొదలు. "మేడం, గ్యాసు లేదు గీసు లేదు. అద్దానికి పసుపు గలిపిన నూనె పూసిండ్రు. మందంగ పూసిండ్రు. తుడ్సిన." వెనక ఎవడో పకపకా నవ్వాడు, ఆ నవ్వు ఆవరణంతా పాకింది. పసుపు నూనె. ఎర్ర వెలుగు పసుపులోంచి హాయిగా పోతుంది, పరారుణాన్ని నూనె మింగేస్తుంది, పొర కదలదు కాబట్టి గీత కదలదు. ఎంత సులువు. ప్రపంచంలో ఏ ల్యాబులో ఎవడు తన అద్దానికి పసుపు నూనె పూస్తాడని, నాకు తోచడానికి. లింగమూర్తి నుదురు పట్టుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బుద్ధుందా లస్మవ్వా, అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది, బాపు గొంతుతోనే వచ్చింది.

"నేనే పూసిన" అంది లస్మవ్వ, ఎవరూ అడగకముందే. చేతిలో ఇత్తడి గిన్నె ఇంకా ఉంది. "మైసమ్మకు పూసిన, మా పోరనికి కావలి గాస్తదని గా అద్దానికి గూడ పూసిన. నువ్వే జెప్తివి గద దొరసానీ." అంతలో ఆమెకు మెట్టు మీద కొడుకు కనిపించాడు, టోపీ ఒళ్లో పెట్టుకుని. "నువ్వింక దిగలేదార?" అంది.

"మేడం ఆపింది."

"ఎందుకు?"

"గాలి మంచిగ లేదేమోనని. కైలాసం పోయి చూసొచ్చెదాక ఆగుమన్నది."

లస్మవ్వ గిన్నె కింద పెట్టింది. నా దగ్గరికి వచ్చి, ఒంటి చెప్పుతో నిలబడ్డ నన్ను పైనుంచి కిందికి చూసింది. చుట్టూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఆమె వాళ్లను వింటున్నట్టే లేదు.

"గానాడు నేను సగం తొవ్వలున్న బిడ్డా" అంది మెల్లగా. "దీపం ముట్టిచ్చుకొని వస్తనే ఉన్న. మీ బాపు గా సగం తొవ్వ ఆగలే."

ఇన్నేళ్లలో ఈ మాట నాతో ఎవరూ అనలేదు, ఇంట్లో అనలేదు, ఊళ్లో అనలేదు. కళ్లు నిండిపోయాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"నువ్వాగినవ్" అంది.

సైరన్ రెండోసారి మోగింది. టోపీలు పెట్టుకుంటూ, నన్ను చూసి నవ్వుకుంటూ వాళ్లు లేచారు, మొండయ్య వాళ్లమ్మ వైపు ఒకసారి తలూపి వరసలో కలిసిపోయాడు. లింగమూర్తి, జరిగింది పైకి రాసి పంపాలె మేడం, తప్పదు, అన్నాడు. రాయండి సార్ అన్నాను. మనుషులు ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు, లస్మవ్వ చివరివాడు కనుమరుగయ్యేదాకా చూసి, వంగి గిన్నె చేతికి తీసుకుంది.

"అద్దానికి వద్దు లస్మవ్వా. నూనె ఉంటే దానికి గాలి కనబడదు. పూస్తే స్తంభం మొదట్ల పుయ్యి."

"మంచిది" అంది. రెండడుగులు వేసి ఆగింది. "రేపు గూడ అనుమానమొస్తే ఆపుతవా?"

"ఆపుత."

"మల్ల నవ్వుతరు."

"నవ్వనీ" అన్నాను.